మూడో నెల

మిరప కోతల రోజుల్లో పెదకూరపాడు చుట్టుపక్కల దగ్గుకు ఎవరూ భయపడరు. కల్లాల్లో కాయ ఎండుతుంటే దారిన పోయేవాడికీ గొంతు గరగరమంటుంది. రెండు వారాలు దాటిన దగ్గును కూడా ఆ ఘాటు ఖాతాలోనే వేసి, ఆర్‌ఎంపీ ఇచ్చిన టానిక్కుతో నెట్టుకొస్తారు. మా దగ్గరకు వచ్చేసరికి సాయంత్రం పూట జ్వరం, వదులైపోయిన బట్టలు, కొందరికి కళ్లెలో నెత్తుటి చార.

టీబీని పట్టుకోవడం ఇప్పుడు అంత కష్టం కాదు. ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలు గంటల్లోనే క్రిమి ఉందో లేదో, అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెప్పేస్తాయి. మామూలు టీబీకి మొదటి 2 నెలలు నాలుగు మందులు కలిపిన బిళ్లలు, తర్వాత 4 నెలలు మూడు మందులవి. మూత్రం ఎర్రగా వస్తోందని మొదటి వారంలోనే పరుగెత్తుకొచ్చేవాళ్లుంటారు. అది మందు రంగేనని చెబితే కుదుటపడతారు. ఆ రంగు నాకూ పనికొస్తుంది: రోజూ మింగుతున్నానని ఒట్టేసేవాణ్ణి మూత్రం సంగతి అడుగుతాను.

నాకు భయమల్లా మూడో నెలంటే. అప్పటికి జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది, మనిషి పనిలో పడతాడు. ఒక పత్తి రైతు అలాగే మానేశాడు. "తగ్గిపోయిందిగా అమ్మా, ఒళ్లంతా వేడి చేసే బిళ్లలు ఇంకెందుకు?" అన్నాడు ఇంటికి వెళ్లిన ఆశా కార్యకర్తతో. చురుగ్గా పెరిగే క్రిములు తొలి వారాల్లోనే చస్తాయి. మందకొడిగా నక్కి ఉండేవాటి కోసమే మిగతా నెలలు. మళ్లీ దగ్గుతో వచ్చినప్పుడు అతని క్రిమి ఇంకా మందులకు లొంగే రకంగానే ఉంది. అదృష్టమే. మందులకు మొండికేసి ఉంటే చికిత్స మరింత కష్టమయ్యేది.

కళ్లె పరీక్ష కన్నా నేను ఎక్కువగా నమ్మేది బరువు చూసే కాటాను. తోటి డాక్టర్లు నవ్వుతారు, నవ్వనీ. తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకావిడ చికిత్స మొదలుపెట్టినప్పుడు 33 కిలోలు. ఆ బరువుకు రోజుకు 2 బిళ్లలు. మొదటి నెల ఒక కిలో పెరిగింది, తర్వాత కాటా కదల్లేదు. కార్డు చూస్తే ఒక్క రోజూ తప్పలేదు, అన్నీ టిక్కులే. కూర్చోబెట్టి అడగ్గా అడగ్గా చెప్పింది: పొద్దున్నే పరగడుపున మింగి ఆటో ఎక్కుతుంది, దారిలోనే వాంతి. చెబితే మందు ఆపేస్తారనుకుందట. కళ్లు పచ్చబడలేదు, లివర్ పరీక్షలు బాగానే వచ్చాయి. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నాం. నాలుగో నెలకు 39 కిలోలకు వచ్చింది, బిళ్లలు మూడు చేశాం. బరువు పెరిగితే మోతాదూ పెరగాలన్న సంగతి చాలాచోట్ల మరిచిపోతారు. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన రేషన్స్ అధ్యయనం, తొలి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్లలో మరణాలు బాగా తక్కువని చూపింది. టీబీ రోగి తిండి కోసం ప్రభుత్వం తరఫున నిక్షయ్ పోషణ్ కింద నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. గుడ్లకూ పప్పుకూ ఆసరాగా ఉంటుంది, ఖాతాలో వేళకు పడితే.

యంత్రాలు తికమక పెట్టే సందర్భమూ ఒకటుంది. నాలుగు నెలలు బుద్ధిగా మందు వాడిన డిగ్రీ కుర్రాడు, తగ్గిందో లేదో చూసుకుందామని సొంత డబ్బుతో సీబీనాట్ చేయించుకున్నాడు. క్రిమి ఉందని వచ్చింది. తల్లి ఏడుస్తూ వచ్చింది. చచ్చిన క్రిమి డీఎన్‌ఏను కూడా ఆ పరీక్ష పట్టేస్తుంది. అందుకే చికిత్స ఎలా నడుస్తోందో చూడటానికి దాన్ని వాడకూడదు, పాత మైక్రోస్కోపే మేలు. కళ్లెలో ఏమీ కనిపించలేదు, కల్చర్‌కు పంపితే అందులోనూ ఏదీ పెరగలేదు. ఆ ఫలితం వచ్చేదాకా వారాల తరబడి ఆ ఇంట్లో వాడి కంచం వేరే పెట్టారు.

ఒకప్పుడు జబ్బుమనిషినే ఇంటికి దూరంగా ఉంచేవారు. మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న నేల ఒకనాటి టీబీ శానిటోరియందే. సరైన మందు పడితే ఇంట్లో ఉండి వాడినా శానిటోరియంలో ఉన్నంత గుణం కనిపిస్తుందని మద్రాసు పరిశోధకులు 1959లోనే తేల్చారు. రోగి ఇంటికి వచ్చాడు సరే, అతని మీద కన్నేసి ఉంచే పని ఆశాల మీద, మా మీద పడింది.

ఆ పని అన్నిటికన్నా కష్టమయ్యేది వలస కూలీల దగ్గర. కర్నూలు పడమటి ఊళ్ల నుంచి కాయ కోతకు కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి, చేల దగ్గరే గుడిసెలు. వాళ్లలో కొందరు మందు సగంలో ఉండగా వస్తారు, కొందరికి ఇక్కడే బయటపడుతుంది. టీబీ రోగులను నమోదు చేసే నిక్షయ్ పోర్టల్లో పేరు ఒక్క నొక్కుతో ఊరు మారుతుంది. మనిషి మాత్రం ఏ రాత్రి లారీ ఎక్కుతాడో మేస్త్రీకే తెలుసు. అందుకే మేస్త్రీ నంబరు కార్డు మీదే రాయిస్తున్నాను. కోతలు ముగిసే వారం ముందే ఫోన్ చేసి, నెల బిళ్లలు చేతికిచ్చి, వాళ్ల ఊరి వైపు టీబీ సూపర్‌వైజర్‌తో మాట్లాడిస్తాం. కిందటి సీజన్లో ఒకాయన బిళ్లలు పుచ్చుకుని, "బరువు కూడా చూసి రాసియ్యండయ్యా, అక్కడ అడుగుతారు" అన్నాడు. లారీ బయట హారన్ కొడుతోంది. చెప్పులు విప్పించి కాటా ఎక్కించాను. 47.