విరిగిన పట్టా, వెదురు బద్ద



మా హాస్టల్‌కి ఎవరో పాత బొమ్మ రైలు ఇచ్చారు. అరకు లైనులో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, దీనికి 16.5. సైన్స్ ఫెయిర్‌లో పెడదామనుకున్నాం. ఇంతలో ఆరో తరగతి తమ్ముడొకడు పొరపాటున తొక్కేశాడు. పట్టాల కింది ప్లాస్టిక్ స్లీపర్లు నాలుగు విరిగాయి. వాడు రెండు రోజులు మా గదివైపే రాలేదు.

ముందు సూపర్ గ్లూ పెట్టాం. రైలు ఒక చుట్టు తిరిగేసరికి ఊడిపోయింది. రాగి తీగతో రెండు పట్టాలనూ కలిపి కట్టాం. ఇంజనే కదల్లేదు! ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్ కదా, తీగ రెండింటినీ కలిపి షార్ట్ చేసేసింది.

అప్పుడు ఆ తమ్ముడే వచ్చి "అన్నా, వెదురు పెడితే?" అన్నాడు. మన ఇళ్లలో తడికలు అల్లేది దాంతోనే. ఎండు వెదురులోంచి కరెంటు పోదు. బద్దల్ని స్లీపరంత కోసి, గరుకు కాగితంతో రుద్ది, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి పట్టాల అడుగున అతికించాం. స్కేలుతో దూరం సరిచూసి, బరువు పెట్టి రాత్రంతా వదిలేశాం.

పొద్దున్న స్విచ్ వాడి చేతే వేయించాం. రైలు ఆగకుండా తిరిగింది.

మన పిల్లలు ఏదైనా విరగ్గొడితే తిట్టకండి. బాగుచేసే చోట పక్కన కూర్చోబెట్టుకోండి.