జీపుకు పోసే నీళ్లు

రామన్నపేటలో పాత జీపు ఉన్న ఎవరినడిగినా ఒకటే మాట: "ఎండాకాలం బండి గరమైతది, ఏం చేస్తం, పాతదైపాయె." బండి వయసు మీద వేసే ఈ నిందను నేను ఒప్పుకోను. మా ఇంట్లో ఉన్నది మహీంద్రా ఎంఎం 540. పెజో కంపెనీ లైసెన్సుతో మహీంద్రా వాళ్లు తయారు చేసిన 2.1 లీటర్ల డీజిల్ ఇంజిను, ఫోర్ వీల్ గేరు. ఒకప్పుడు మహీంద్రా జీపులు లోపల కిక్కిరిసి, వెనక వేలాడుతూ ప్రయాణం చేసే జనంతో మే నెల ఎండల్లోనే తిరిగేవి. బస్సు దాటిపోతే జీపే దిక్కు. ఆ బరువుకు తట్టుకున్న ఇంజిను ఇవాళ ఇద్దరిని ఎక్కించుకుని చిట్యాల చేరేలోపు ఆవిరి కక్కుతోందంటే ముందు చూడాల్సింది రేడియేటర్. అది పూడుకుపోయి ఉంటుంది. పూడ్చింది మనం పోసిన నీళ్లే.

మన నల్లగొండ వైపు అంతా రాతి నేల. బోరు ఎంత లోతుకు వేసినా నీళ్లు రాతి పగుళ్లలోంచే రావాలి. నల్లగొండ నీళ్లంటే లోకానికి ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. మనుషుల ఎముకలు వంచిన ఉసురు ఫ్లోరైడ్‌కే తగలాలి గానీ, రేడియేటర్ విషయంలో తప్పు దానిది కాదు. ఇక్కడ పని చేసేది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బకెట్లో పెట్టే హీటర్ కడ్డీకి తెల్లటి పెచ్చు కట్టడం అందరం చూసిందే. ఇంజిను లోపలా జరిగేది అదే. రేడియేటర్ గొట్టాలు సన్నగా, చదునుగా ఉంటాయి. ఆ సందులో కాస్త పెచ్చు కట్టినా నీటికి దారి ఇరుకైపోతుంది. పైగా ఆ పెచ్చు వేడిని రాగిలో వందో వంతు కూడా బయటికి పోనివ్వదు. ఇంకో సంగతి ఉంది. ఆవిరై పోయేది నీరు మాత్రమే, లవణం లోపలే ఉండిపోతుంది. తగ్గినప్పుడల్లా ఇంకో సీసా బోరు నీళ్లు పోస్తే ఇంకొంచెం లవణం చేరుతుంది. బండి ఎంత ఉడికితే అంత పోస్తాం, ఎంత పోస్తే అంత ఉడుకుతుంది.

2015 జూన్‌లో మన పక్కనున్న చౌటుప్పల్‌లోనే, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. తర్వాత కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి. కానీ నల్లా ఉన్నది ఇంట్లో, జీపు ఉడికేది చెలక దగ్గర. అక్కడ అందేది మోటారు నీళ్లే.

దీనికి తోడు పసుపు. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోసి బండి ఇంటికి చేర్చడం పాత డ్రైవర్ల ఉపాయం. ఆ పూటకు అది నిజంగానే పని చేస్తుంది. అయితే చిల్లును మూసిన పసుపు సన్నటి గొట్టాలనూ మూస్తుంది. ఇల్లు చేరాక కడిగేసి, కారే చోట టంకం వేయించాలి. చాలామంది అక్కడితో మర్చిపోతారు.

మరమ్మతు చూడటంతో మొదలవుతుంది. పొద్దున్నే, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి ఫోన్ లైటు వేయండి. గొట్టాల మూతులు వరసగా కనబడాలి. తెల్లటి పెచ్చో ఎర్రటి తుప్పు బురదో కనబడితే జబ్బు తేలినట్టే. ఇంజిను వేడెక్కాక ఆపి, రేడియేటర్ ముఖం మీద అరచేయి దగ్గరగా జరుపుతూ పోతే చల్లటి పట్టీలు తగులుతాయి. అక్కడ నీరు పారడం లేదు. మూత దగ్గర ఆగకుండా బుడగలు వస్తుంటే మాత్రం రేడియేటర్‌ను వదిలి హెడ్ గ్యాస్కెట్ చూపించాలి. పెచ్చు పలచగా ఉంటే నిమ్మ ఉప్పు నీళ్లతో ఇంజినును కాసేపు నడిపి, తేట నీరు వచ్చేదాకా కడిగితే చాలు. గట్టిపడితే రేడియేటర్ దించి, పై ట్యాంకు టంకం కరిగించి విప్పి, ఒక్కో గొట్టంలో పలచటి రేకు కడ్డీ దూర్చి తీయించాలి. ఇత్తడి రేడియేటర్‌కే ఈ వైద్యం. అందుకే అల్యూమినియం తేలికని ఎవరెంత చెప్పినా పాత జీపుకు ఇత్తడి, రాగితో చేసిన రేడియేటర్ కోరే మేలని నా నమ్మకం. బయట రెక్కల సందుల్లో పత్తి నూగు, వరికోత దుమ్ము కూడా పేరుకుంటాయి. ఇంజిను వైపు నుంచి ముందుకు, మెల్లటి ధారతో కడగాలి.

థర్మోస్టాట్ వాల్వు గురించి మెకానిక్‌లతో నాకు తెగని తగాదా. "వాల్వు తీసి పారెయ్ అన్నా, మన ఎండలకు అదెందుకు?" అంటారు. ఆ వాల్వు సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని ఇంజినును తగిన వేడిలో ఉంచుతుంది. అది లేకపోతే డీజిల్ సరిగా మండదు, మసి పడుతుంది, సిలిండర్ బోర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో అయితే బైపాస్ దారి మూతపడక వేడి నీళ్లు రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజినులోకి వెళ్తాయి. వాల్వు మీద అనుమానముంటే దారం కట్టి గిన్నె నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. నీళ్లు మరిగేలోపు తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

ఇవన్నీ అయ్యాకే కొత్త హంగులు. మొదటిది రేడియేటర్ మూత. 0.9 బార్ మూత గట్టిగా పట్టుకుంటే నీరు 118 డిగ్రీల దాకా మరగదు. అయితే కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువ ఒత్తిడి మూత వేస్తే పాత టంకాలు విచ్చుకుంటాయి. తర్వాత, పొంగిన నీరు నేలపాలు కాకుండా పట్టి, చల్లారాక తిరిగి లోపలికి పంపే ప్లాస్టిక్ బాటిల్. అన్నిటికన్నా ముఖ్యం ఫ్యాను చుట్టూ ఉండే రేకు తొడుగు. ఏదో రిపేరులో విప్పి మళ్లీ బిగించని జీపులే ఎక్కువ. బురద మడిలో ఫోర్ వీల్ వేసి చిన్న గేరులో నడిపేటప్పుడు ఇంజిను గట్టిగా తిరుగుతుంది, ఎదురుగాలి ఉండదు. అప్పుడు రేడియేటర్‌కు గాలి ఫ్యానే ఇవ్వాలి. తొడుగు లేని ఫ్యాను అంచుల దగ్గర అదే వేడి గాలిని మళ్లీ మళ్లీ తిప్పుతుంది. రెక్కల వెడల్పులో సగం తొడుగు లోపల ఉండేలా కొలిచి చేయించండి. దాంతో సరిపోకపోతేనే ఎక్కువ రెక్కల ఫ్యాను, గొట్టాల వరస ఒకటి ఎక్కువున్న కోరు. కరెంటు ఫ్యాను పెట్టాలనుకుంటే ముందు ఆల్టర్నేటర్ బలం చూసుకోవాలి. సామానుకు పెద్ద వెతుకులాట అక్కర్లేదు: చిట్యాల దగ్గర హైవే ఎక్కితే ఇటు హైదరాబాద్ ఆటోనగర్, అటు విజయవాడ ఆటోనగర్.

చివరికి మళ్లీ నీళ్ల దగ్గరికే వస్తాను. కూలెంట్ చలిదేశాల వాళ్ల కోసమని, మనకు అనవసరమని కొందరంటారు. మంచు గడ్డకట్టే బాధ మనకు లేని మాట నిజమే. కానీ తుప్పును ఆపేదీ, మరిగే వేడిని పెంచేదీ అదే. అందులో కలపాల్సింది బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్. దారిలో అవసరం పడి బోరు నీళ్లే పోయాల్సి వస్తే పోయండి, ఇంజినును కాపాడుకోవాలి కదా. ఇల్లు చేరి బండి చల్లారాక ఆ నీళ్లు వదిలేసి, కడిగి, కూలెంట్ నింపండి. శివరాత్రి దాటిందంటే ఎండలు ముదురుతాయి. ఆ లోపే ఒకసారి మూత తీసి లోపల చూడండి.