కొండ పిలుపు

మన ఆలంకారికులు భయానకాన్ని కూడ రసాలలో ఒకటిగా లెక్కించినారు. అయినా నార్వే దేశపు బ్లాక్ మెటల్ సంగీతం నాకు ప్రియమంటే మిత్రులు నవ్వుతారు. అది వట్టి రణగొణధ్వని అని వారి అభిప్రాయం. అటువంటివారికి నేను ఓస్లో నగరపు ఉల్వెర్ బృందం 1995లో వెలువరించిన ‘బెర్గ్‌టాట్’ అనే సంపుటిని వినిపిస్తాను.

కొండకు వశమైన ప్రాణి అని ఆ మాటకు అర్థం. ఒక కన్యను కొండలోని మాయాశక్తులు తమ గుహలలోకి లాగుకొనే జానపదగాథను పాతకాలపు భాషలో, ఐదు అధ్యాయాలుగా పాడినారు. విద్యుత్ గిటార్లు జడివానవలె ఎడతెగక కురుస్తాయి. గాయకుడు ఒకప్పుడు చర్చిలోని బృందగానంవలె నిదానంగా పాడుతాడు; మరొకప్పుడు గొంతు చీలేటట్లు అరుస్తాడు. మూడవ అధ్యాయం నడుమ ఆ ఘోష అణగి, అడవిలో ఎవరో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు వినవస్తుంది.

తొలినాళ్లలో నన్ను భయపెట్టినది ఆ అరుపు. ఇప్పుడు అంతకన్న నాలుగవ అధ్యాయానికే భయపడతాను. అందులో అరుపు లేదు. గిటారు తంత్రుల మెల్లని మీటు, లాలించే కంఠం మాత్రమే. ఆ పిల్లను పిలిచే గొంతు అదే. అరుపు మనిషిని హెచ్చరిస్తుంది. తియ్యని పిలుపు హెచ్చరించదు.

ఈ బాణీని వరించిన కొందరు యువకులు ఆ దశాబ్దపు తొలి సంవత్సరాలలో నార్వేలో చర్చిలను తగులబెట్టినారు. 1992లో బెర్గెన్ నగరపు ఫాంటాఫ్ట్ కొయ్యచర్చి బూడిద అయినది. ఆ పాపం ఈ బృందానిది కాదు. కాని అడవి, చీకటి, పూర్వకాలం, వీటి సౌందర్యం ఆ యువకులను కూడ పిలిచినది. అందుచేత ఈ గానం నాకు వినోదం మాత్రమే కాదు. అందం పిలిచినప్పుడు, ఎక్కడికి అని అడగడం దీనివద్దనే నేర్చుకొన్నాను.