పాయిఖానా కూడా హక్కే



మీటింగ్ పోస్టర్ వస్తే మీరు వక్తల పేర్లు చూస్తారు. నేను హాలు పేరు చూస్తాను. అక్కడ బాత్రూమ్ ఉందా, నీళ్లొస్తాయా, తాళం ఎవరి దగ్గరుంటుంది? ఇవి తెలిశాకే వస్తానో రానో చెబుతాను.

నాకు పదకొండేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పెద్దపేగు లోపలి పొర మీద దాడి చేస్తుంది. పుండ్లు పడి రక్తం పోతుంది. తిరగబెడితే రోజుకు పది పన్నెండుసార్లు వెళ్లాలి. వచ్చిందంటే ఆపుకోలేను. అంటురోగం కాదు. మందులతో అణుగుతుంది, పూర్తిగా పోదు. స్టెరాయిడ్లు వాడి మొహం ఉబ్బితే "ఒళ్లు చేశావక్కా" అంటారు.

బస్సెక్కే రోజు పొద్దున్నుంచీ ఏమీ తినను. సంచిలో ఒక జత బట్టలు, ప్యాడ్లు, నీళ్ల సీసా ఉండాల్సిందే.

ఒక డాక్టర్ నా ఇంటిపేరు, ఊరు అడిగి "పెద్దకూర తింటారుగా, అందుకే" అన్నాడు. రిపోర్టు ఆ తర్వాత తెరిచాడు. ఏ తిండి పడుతుందో, ఏది పడదో మనిషి మనిషికీ మారుతుంది. నాకు పాలు పడవు. పెద్దకూర చారు పడుతుంది.

ఒక ఊళ్లో ఆపుకోలేక ఓ ఇంటి తలుపు కొట్టాను. ఏ పేట నుంచి వచ్చానో అడిగి "మాకు బాత్రూమ్ లేదమ్మా" అన్నారు. గోడ పక్కన సెప్టిక్ ట్యాంకు కనిపిస్తూనే ఉంది. మలం ఎత్తే పనిని మన కులాలకు అంటగట్టారు. 1993లో, 2013లో చట్టాలొచ్చినా ట్యాంకుల్లో దిగి చచ్చేది ఎక్కువగా మనవాళ్లే. పాయిఖానా కడగడానికి పనికొస్తాం, వాడుకోడానికి పనికిరాం.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఈ రోగం పేరు లేదు. పరీక్ష మధ్యలో బయటికి పరిగెత్తే విద్యార్థి దగ్గర చూపడానికి సర్టిఫికెట్ ఉండదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని కోర్టు ఆవరణల్లో మరుగుదొడ్లు ఉండాలంది. అది ఆర్టికల్ 21 కిందికి వచ్చే హక్కే అంది. ఆ తీర్పు పట్టుకుని మన కాలేజీల్లో, హాస్టళ్లలో కూడా అడగొచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, విరేచనంలో రక్తం పడుతుంటే మొలలేలే అని దాచుకోకండి. పేగుల డాక్టర్‌కి చూపించుకోండి. సంఘాల మిత్రులు సభకు మైకు, కుర్చీలు లెక్క రాసేటప్పుడు బాత్రూమ్ కూడా రాయండి. మనలో ఎంతమంది ఈ ఒక్క కారణంతో ఇంట్లో ఉండిపోతున్నారో అప్పుడే తెలుస్తుంది.

మందుల ఖర్చు గురించి వచ్చే భాగంలో రాస్తాను.