సరాయెవోలో మూడు సఫర్లు

సరాయెవో అన్న పేరులోనే సరాయి ఉంది. మనకు సరాయి అంటే ముసాఫిర్లు రాత్రికి దిగే చోటు. తుర్కీలో మహలు. బోస్నియా రాజధాని అయిన ఈ ఊరికి ఉస్మానీ తుర్కుల కాలంలో ఆ పేరు వచ్చింది.

ఊరి పడమటి కొస ఇలిజాలో 3వ నంబర్ ట్రామ్ ఎక్కాను. 1885లో గుర్రాలు లాగిన ట్రామ్ ఇది, 1895లో కరెంటుది అయింది. ముందు యుగొస్లావియా నాటి కాంక్రీటు అపార్ట్‌మెంట్లు వచ్చాయి. తర్వాత ఆస్ట్రియా హుకూమత్ కట్టిన భవంతులు. మిల్యాత్స్కా నది మీద లాటిన్ వంతెన. 1914లో యువరాజు ఫెర్డినాండ్ ఖతల్ అయింది ఆ వంతెన దగ్గరే. ఆఖర్న బష్చార్షియా, ఉస్మానీల బజార్. తారీఖు కితాబును చివరి అట్ట నుంచి తిప్పినట్టుంది. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని, పుస్తకం ఆ వైపు నుంచి తెరవడం నాకు చిన్నప్పటి అలవాటే.

బష్చార్షియాలో నడవాల్సిందే. దుకాణాన్ని వాళ్లు దుచాన్ అంటారు. మొహల్లాను మహలా అంటారు. హమాం మాత్రం హమామే. గాజీ ఖుస్రో బేగ్ మసీదు పక్కన గడియార స్తంభం ఉంది. మగ్రిబ్ వేళకు అందులో 12 అవుతుంది. దాన్ని చూస్తూ నడుస్తుంటే కాలి కింద ఎర్ర మరక కనిపించింది. షెల్ పడి పగిలిన చోట్ల ఎర్రటి రెజిన్ నింపారు. సరాయెవో గులాబీలు అంటారు వాటిని. ట్రామ్ కిటికీలోంచి అవి కనిపించలేదు.

ట్రామ్ పట్టాలు లోయలోనే ఉంటాయి. కొండ మొహల్లాలకు కారు కావాలి. గల్లీలు ఎంత ఇరుకంటే ఎదురు బండి వస్తే ఒకరు వెనక్కి పోవాల్సిందే. టాక్సీలో త్రెబెవిచ్ కొండ ఎక్కాను. 1984 వింటర్ ఒలింపిక్స్ ఇక్కడ కూడా జరిగాయి. తర్వాత ఎనిమిదేళ్లకే ఈ కొండ మీద తోపులు పెట్టారు. 1992 నుంచి 1996 దాకా 1425 రోజుల ముహాసిరా. ఆగిపోయిన ట్రామ్‌లు 1994 మార్చిలో మళ్లీ కదిలాయి. కదిలే ట్రామ్‌ల మీద కూడా స్నైపర్లు కాల్చారు.

కొండ మీంచి చూస్తే కింద ట్రామ్ అగ్గిపెట్టెంత ఉంది. గురి పెట్టడం ఎంత ఆసాన్ అనిపించి దిల్ ఝల్లుమంది. 1990 అల్లర్లప్పుడు హైదరాబాద్ పాతబస్తీలో కర్ఫ్యూ సడలిందని మాకు చెప్పింది సిటీ బస్సు చప్పుడే. అమ్మీ కిటికీ రెక్క తెరిచేది ఆ చప్పుడు విన్నాకే. బుల్లెట్లు ఆగకముందే ట్రామ్ నడిపినవాళ్ల హిమ్మత్ ఎంతటిదో అక్కడ నిలబడితే అర్థమైంది.

ఆ ఊరు వెళ్లే దోస్తులకు ఒక మాట. ముందు ట్రామ్ ఎక్కండి, తర్వాత నడవండి, కారులో కొండ ఎక్కడం ఆఖర్న. ముందే పైకి ఎక్కితే ఊరు బొమ్మలా ఉంటుంది. కింద తిరిగి ఎక్కితే, దుచాన్ ముందు కూర్చుని మీకు కాఫీ పోసిన పెద్దాయన ఏ గల్లీలో ఉన్నాడో వెతుక్కుంటారు.