సగం పేరు

కుందేలు ముందుకాళ్ల లోపలివైపు బొచ్చు చూస్తే చాలు, దానికి జలుబు చేసిందో లేదో చాలావరకు తెలిసిపోతుంది. కారే ముక్కును కాళ్లతోనే తుడుచుకుంటుంది కదా, ఆ తడికి బొచ్చు అట్టలు కట్టేస్తుంది. పశువ్యాధుల ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఒక రైతు గోనెసంచిలో చచ్చిన కుందేళ్లు రెండు తెచ్చినప్పుడు నేను మొదట చూసింది ఆ కాళ్లనే.

ఊపిరితిత్తుల నుంచి తీసిన నమూనాను బ్లడ్ అగార్ మీద గీశాను. మర్నాటికి బూడిదరంగులో జిగురు జిగురుగా కాలనీలు. మెకాంకీ అగార్ మీద ఏమీ పెరగలేదు కాబట్టి బోర్డెటెల్లా కాదు. కుందేళ్ల ముక్కుల్లో అదీ ఉంటుంది. ఇండోల్ పాజిటివ్. స్మియర్‌లో రెండు కొసల్లో మాత్రమే రంగు పట్టి, పిన్నీసుల్లా కనిపించాయి. పాశ్చురెల్లా మల్టోసిడా. ఇంటిపేరు పాశ్చర్‌ది, మల్టోసిడా అంటే చాలామందిని చంపేది. రిపోర్టులో ఆ పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను.

నెల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. సంచి ఈసారి పెద్దది.

"డాక్టరమ్మా, మీరు రాసిన పేరే గొంతువాపు టీకా సీసా మీద ఉన్నదని మా పోరడు చదివిండు. బర్లకు ఏసేదే గదా అని వీటికీ ఏయిచ్చిన. అయినా సచ్చిపోయినయ్."

పోరడు చదివింది తప్పు కాదు. గేదెలకు వానాకాలం ముందు వేసే ఆ టీకాలో ఉన్నదీ పాశ్చురెల్లా మల్టోసిడానే. కానీ పైపొరను బట్టి దీన్ని ఎ, బి, డి, ఇ, ఎఫ్ అని అయిదు రకాలు చేశారు. హెడిల్‌స్టన్ 1972లో మరో పద్ధతిలో మొదలుపెట్టిన లెక్క ప్రకారం 16 టైపులు. మన గేదెల గొంతువాపు బి:2. కుందేళ్లలో ఎక్కువగా దొరికేది ఎ. ఇదంతా పరీక్షల కోసం బట్టీపట్టినదాన్నే. రిపోర్టు రాసేటప్పుడు మాత్రం పేరు దొరికింది, పని అయిపోయింది అనుకున్నాను.

కొత్త కుందేళ్ల నుంచి మళ్లీ కల్చర్ తీసి, మొదటిసారే చెయ్యాల్సిన పరీక్ష చేశాను. జన్యువుల్ని బట్టి టైపు చెప్పే పీసీఆర్ 2001లోనే వచ్చింది, మా దగ్గర లేదు. కానీ దీనికి యంత్రమేమీ అక్కర్లేదు. ప్లేటు మధ్యలో హయాలురోనిడేజ్ తయారుచేసే స్టెఫిలోకాకస్‌ను ఒక గీత గీసి, దానికి అడ్డంగా మన బాక్టీరియాను గీస్తే చాలు. ఎ టైపు పైపొర హయాలురోనిక్ ఆమ్లం. కుందేలు కీళ్లలోనూ ఉండేది అదే, అందుకే ఒంటికి అది పరాయిదని తేలిగ్గా తెలియదు. మర్నాడు చూస్తే గీత పక్కనున్న కాలనీలన్నీ ముడుచుకుపోయాయి, దూరంగా ఉన్నవి ఉబ్బుగానే ఉన్నాయి. ఎ టైపే. ఖర్చు ఒక ప్లేటు, ఒక రాత్రి.

టైపు రాసి ఉంటే ఆ కుందేళ్లన్నీ బతికేవని అనను. ఆరోగ్యంగా కనిపించేవాటి ముక్కుల్లోనూ ఇది ఉంటుంది. కానీ టీకా వేయించాం కదా అన్న ధీమాతో, జబ్బువాటిని వేరుచేయకుండా ఆయన ఒక నెల పోగొట్టుకునేవాడు కాదు.

ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను.

"ఒక్క పేరు కింద ఇన్ని రకాలుంటయని మాకేం ఎరుకమ్మా" అన్నాడు.

నాకు ఎరుకే.

అప్పటినుంచి కుందేళ్ల రిపోర్టుల్లో ఆ పేరు కింద తెలుగులో ఒక వాక్యం కూడా రాస్తున్నాను: గొంతువాపు టీకా దీనికి పనిచేయదు.