దగ్గర, దూరము

పరదేశమున కాపురముండుట వినుటకు వేడుకగా నుండును. వంటయింట అడుగిడిన పిదపగాని అందలి చిక్కులు తెలియవు. 2018, 2019 సంవత్సరములలో నా భార్య ఉద్యోగమునుబట్టి మేము ఓరుగల్లు విడిచి, పూర్వము సయామని పిలువబడిన థాయిలాండు దేశమున, బాంకాకు నగరమునందుంటిమి.

మొదటి చిక్కు పాలసీసా వలన కలిగెను. దానిపై 2562వ సంవత్సరమని యుండుట చూచి, అచ్చుతప్పని తలచి, అంగడివానితో వాదించితిని. అతడు మాటాడక గోడమీది క్యాలెండరు చూపెను. ఆ దేశమున బుద్ధశకము వాడుకలో నున్నది. మన సంవత్సరమునకు 543 కలిపిన వారిది వచ్చును. 2019 వారికి 2562. తప్పు అచ్చుది కాదు, నాది.

మరియొకనాడు సీసామీది యక్షరములు చదువనేరక, చింతపండు రసమనుకొని, చేపలనుండి తీసిన ఉప్పురసమును పప్పులో పోసితిమి. ఆ పూట ఇంటిల్లిపాది పెరుగన్నముతోనే సరిపెట్టుకొంటిమి.

గురువను మాటనే వారు ‘ఖ్రూ’ అందురు. ఇట్టి మాటలు విని ఆ భాష సులభమని మురిసితిని. కాని యందు అయిదు స్వరములు కలవు. ‘క్లై’ అను మాటను సమస్వరమున పలికిన దూరమనియు, స్వరము దించి పలికిన దగ్గర యనియు నర్థము.

ఒక రాత్రి మా అమ్మాయికి తీవ్రమైన జ్వరము వచ్చెను. నా భార్య ఊర లేదు. మందుల దుకాణమెక్కడనని క్రిందియింటి అవ్వను సైగలతో నడిగితిని. ఆమె “క్లై, క్లై” యనెను. దూరమనుకొని బాడుగకారెక్కి, గంటసేపు తిరిగి మందు తెచ్చితిని. అంతవరకు ఆ యవ్వయే మా బిడ్డ నుదుట తడిగుడ్డ వేయుచు కూర్చుండెను. తెల్లవారి చూతునుగదా, దుకాణము మా సందు చివరనే యున్నది! అవ్వ నన్ను చూచి నవ్వలేదు. అరచేతిని రొమ్మున కానించి యొకమారు, చేయి చాచి యొకమారు, ఆ రెండు మాటలను పదిసార్లు నాచేత పలికించెను.

అప్పుడు నాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చెను. అంతకు కొన్నేండ్ల ముందు నేనొక పల్లెబడిలో పని చేయుచుండగా, ఇటుకబట్టీల పనికై ఒడిశానుండి వచ్చిన కూలీల పిల్లవాడు నా తరగతిలో చేరెను. ఒకనాడతడు లేచి, కాలు నొప్పి యనబోయి “కల్లు నొప్పి” యనెను. తరగతి యంతయు గొల్లుమనెను; నేనును నవ్వితిని. అతడు కుంటుచు బయటికి పోవునప్పుడుగాని పాదముననున్న పుండు నా కంటబడలేదు. మరునాటినుండి అతడు బడికి రాలేదు. శిక్షణకళాశాలలో బోధనాపద్ధతులన్నియు నేర్చిన నాకు, ఆ యవ్వ కెవరును నేర్పకయే తెలిసిన సంగతి తెలియకపోయెను.

ప్రియ విద్యార్థులారా! మన బడికిని క్రొత్త భాషల పిల్లలు వచ్చుచుందురు. వారి నాలుక తడబడినప్పుడు, ఏమి తప్పు పలికిరో చూడక, ఏమి కావలసి పలికిరో వినుడు. ఆ బాలుడిప్పుడెచ్చటనున్నాడో నేనెరుగను. అతనికి చెప్పవలసియుండిన మాటనే మీకు చెప్పుచున్నాను.